ముస్సోరీ ఎస్టిమేటు

సాలూరు,
ఫిబ్రవరి 6.

అనూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటని అడుగుతావు. జనవరిలో లారీ అమ్మేసిన దగ్గర్నుంచీ మా బావ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు పొద్దు పోదు, నాకు ఇల్లు చాలదు. నా ఫోను మోగితే చాలు, "ఎవులే? ఏటంట?" అంటాడు. ఉత్తరం జోలికి మాత్రం రాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదని ఆయనకు ఎక్కడలేని పట్టింపు. అందుకే విజయనగరం హాస్టల్ రోజుల్లోలాగా మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

నేను ముస్సోరీ వెళ్ళాలి. బావతో వెళ్ళాలి. నవ్వకుండా చదువు.

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో బావ ఇంట్లో ఉన్న రోజులకంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువని నీకు తెలుసు. ఇక్కడి చింతపండు, జీడిపప్పు వేసుకుని డెహ్రాడూన్ దాకా వెళ్ళడం, అక్కడి బియ్యం వేసుకుని రావడం. వచ్చినప్పుడల్లా పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ముస్సోరీ కబుర్లు చెప్పేవాడు. డెహ్రాడూన్ పక్కనే కొండ నెత్తిన ఊరట. సాయంత్రమయ్యేసరికి ఈ కొస నుంచి ఆ కొసకు దీపాలు వెలుగుతాయట. మబ్బు దిగితే ఊరు ఊరంతా మాయమైపోతుందట. చివర్లో నావైపు తిరిగి, "నిన్నోసారి తీసికెల్లి సూపిస్తానే గౌరీ" అనేవాడు. నేను వంట చేస్తూనే చెవి ఇటు పడేసేదాన్ని. ఆ కబుర్లు నాకోసమే చెప్తున్నాడని నాకు తెలుసు.

ఇప్పుడు తీరిక ఉంది. లారీ మీద ఫైనాన్సు తీరగా నా చేతిలో నాలుగు డబ్బులున్నాయి. మొన్న "పద బావా, వెళ్దాం" అన్నాను. మొహం అటు తిప్పేసుకుని, "అది డబ్బున్నోలు ఎల్లీ ఊరే, మనకేటి?" అన్నాడు. అదేమిటో నాకు అంతుపట్టలేదు. ఖర్చుకు జడిశాడేమోనని లెక్క వేసి ముందు పెడదామనుకుంటున్నాను. నువ్వూ మురళీమోహన్ అన్నయ్యా ఆ మధ్య ఎల్‌టీసీ మీద వెళ్ళొచ్చారు కదా, చూసి సరిచెయ్.

మా ఇంట్లో తెలిసిన లెక్క ట్రిప్పు లెక్కే కాబట్టి అలాగే వేశాను. టికెట్లు డీజిలు కింద రాశాను, తిండి బత్తా కింద. దారిలో చెయ్యి చాపేవాళ్ళకు మామూళ్ళని ఒక పద్దు పెట్టాను. రిటన్ లోడు దగ్గర ఆగిపోయాను. బండి ఖాళీగా తిప్పడమంటే మా ఇంట్లో మహాపాపం. పొందూరు తువ్వాళ్ళు ఓ యాభై పట్టుకెళ్ళి అక్కడ అమ్మితే గది అద్దె గిట్టుతుందంటావా? నిజంగానే అడుగుతున్నాను.

నీ
గౌరి


శ్రీకాకుళం,
ఫిబ్రవరి 14.

ఒసే గౌరీ,

నీ తువ్వాళ్ళ సంగతి ఆఫీసులో చదివి అంతెత్తున నవ్వితే మా సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి చూశాడు. మొగుడితో కొండకు షికారు వెళ్తూ మూట నెత్తిన పెట్టుకుని బేరాలాడతావా? ఆ పద్దు కొట్టెయ్. మామూళ్ళ పద్దు కూడా కొట్టెయ్, అక్కడ కొట్లవాళ్ళే అడక్కుండా తీసేసుకుంటారు.

నేను రోడ్లకూ కల్వర్టులకూ ఎస్టిమేట్లు టైపు చేసే మనిషిని కదా, నీది ఆ పద్ధతిలో తిరిగి వేశాను. విజయనగరంలో ఎక్కి ఢిల్లీలో దిగండి, అక్కడి నుంచి డెహ్రాడూన్‌కు ఇంకో రైలు, ఆపైన బస్సు. రైళ్ళ ఖర్చుకు గుండె ఆగదు. ఆగేది గది దగ్గరే. మేలో అయితే రోజుకు ఆరువేలకు తక్కువ మంచి గది దొరకదు. కొండ కనబడే కిటికీ కావాలంటే ఇంకో రెండువేలు. కిటికీకి అద్దె కట్టడం నేను అక్కడే చూశాను. చివర్లో "ఇతరములు" అని పది శాతం వేసుకో, ఆ పద్దు లేకుండా మా ఆఫీసులో ఏ పనీ సాగదు.

మా ప్రయాణం సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. రోప్‌వే ఎక్కుదామంటే టికెట్టు ధర చూసి మురళీమోహన్ కింద నిలబడిపోయాడు. నేను పంతానికి ఒక్కదాన్నే ఎక్కాను. పైన ఎంత బాగుందో! పక్కన చెప్పుకోవడానికి మనిషి లేక ఏడుపొచ్చింది. కాబట్టి మీ బావ లేకుండా వెళ్ళే ఆలోచన మాత్రం చెయ్యకు.

ఒక పని చెయ్. డ్రైవర్లకు తెలిసిన చవక చోట్లు ఉంటాయి కదా. మీ బావ ఎక్కడ దిగేవాడో, ఎక్కడ తినేవాడో, ఏ వైపు నుంచి బజారులోకి వెళ్ళేవాడో అడిగి రాయి. గది అద్దె సగానికి సగం తగ్గొచ్చు. నాకూ తెలుసుకోవాలని ఉంది, మేం చూసిన ఊరూ ఆయన చూసిన ఊరూ ఒకటేనా అని.

నీ
అనూరాధ


సాలూరు,
ఫిబ్రవరి 27.

అనూ,

అడిగాను. కూర వడ్డిస్తూ ఒకసారి, తలకు నూనె రాస్తూ ఒకసారి, అనుమానం రాకుండా అడిగాను.

ఎక్కడ దిగేవాడివంటే, "దిగడమేటి, బండిలోనే తొంగునీవోణ్ణి" అన్నాడు. అది నమ్మొచ్చు. బజారు ఎలా ఉంటుందంటే, "పొడుగ్గా ఉంటాది, దీపాలు దండ గుచ్చినట్టు" అన్నాడు. అది సరే, కొట్లలో ఏమేం అమ్ముతారంటే, "అన్నీ అమ్ముతారు" అన్నాడు. మంచు పడితే? "కొండ కొనంతా సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతాది." దారి ఎలా ఉంటుందంటే మాత్రం హుషారొచ్చింది. బస్సులు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే చీమల బారులా ఉంటాయని, మబ్బులోకి దూరి మళ్ళీ ఇంకో మలుపు దగ్గర తేలుతాయని చేతులు తిప్పుతూ చెప్పాడు. టీ ఎంత బావా అంటే, "పదేమో" అన్నాడు.

నీ ఎస్టిమేటు కూడా ముందు పెట్టాను. గది ఖరీదు అన్నాడు. కిటికీ లేని గది చూద్దామన్నాను. చలికి మోకాళ్ళు పట్టేస్తాయన్నాడు. మేలో చలేమిటన్నాను. రైల్లో నిద్ర పట్టదన్నాడు. లారీలో పట్టిన నిద్ర రైల్లో ఎందుకు పట్టదన్నాను. చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నేను ఒక్కో పద్దూ తగ్గించిన కొద్దీ ఆయన ఒక్కో వంక పెంచుతున్నాడు. ఇది డబ్బు సంగతి కాదు అనూ. అక్కడ ఏదో ఉంది. నేను చూడకూడనిది ఉంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, అక్కడ ఇంకో సంసారమేమైనా ఉందా అని కూడా అనుకున్నాను. ఉంటే వాళ్ళనూ బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి ఎక్కించుకొచ్చేసేవాడే అని నవ్వుకున్నాను. ఆ తరువాత నవ్వు రాలేదు. ఇన్నేళ్ళు నేను వింటూ కూర్చున్న కబుర్ల వెనక ఏముందో తెలుసుకోకుండా ఉండలేను.

నీ
గౌరి


శ్రీకాకుళం,
మార్చి 8.

గౌరీ,

ఇంకో సంసారం లేదు. ఆ మాట ఇంకెప్పుడూ అనుకోకు.

నాకు మార్చి పనులు నెత్తిమీదున్నాయి, పొడుగ్గా రాయలేను. ఆలోచిస్తే ఈ ఏటికి ముస్సోరీ మానుకోవడమే మంచిదనిపిస్తోంది. ఖర్చు మరీ ఎక్కువ. అరకు వెళ్ళిరండి. కొండా ఉంటుంది, చలీ ఉంటుంది, మీ బావకు దారి కూడా తెలుసు.

అనూరాధ


సాలూరు,
మార్చి 15.

అనూ,

హాస్టల్లో నా ఇంకు పెన్ను పారేసి వచ్చిన రోజు కూడా నువ్వు ఇలాగే నాలుగు ముక్కలు మాట్లాడి దుప్పటి ముసుగేశావు. అరకు వెళ్ళమంటావా? సాలూరు మనిషికి కొండ కావాలంటే వీధి చివర నిలబడితే కనబడుతుంది.

నెల క్రితం కిటికీకి రెండువేలు పెట్టమన్న దానివి ఇప్పుడు ఖర్చు ఎక్కువంటున్నావు. సంసారం లేదని అంత గట్టిగా ఎలా చెప్పగలిగావు? నా ఉత్తరంలో నీకేదో దొరికింది. నాకు దొరకనిది నీకు దొరికింది. అదేమిటో చెప్పు. చెడ్డదైనా సరే, నీ దగ్గర ఉండి నా దగ్గర లేకపోతే నాకు అన్నం సయించదు.

గౌరి


శ్రీకాకుళం,
మార్చి 22.

గౌరీ,

సరే, వినవే తల్లీ.

మేం ముస్సోరీలో మూడు రోజులున్నాం. అక్కడ సాయంత్రం దీపాలు దండలా కనబడవు. ఎదురు కొట్టు దీపం కనబడుతుంది, పక్క హోటలు బోర్డు కనబడుతుంది, అంతే. మబ్బు దిగితే ఊరు మాయం కాదు, నీ చెప్పులే నీకు కనబడవు, ఒళ్ళంతా తడుస్తుంది. బస్సులు చీమల బారులా ఎక్కడం బస్సులో కూర్చున్నవాళ్ళకు కనబడదు. ఇవన్నీ కనబడేది కింద నుంచి. డెహ్రాడూన్‌లో నిలబడి తలెత్తితే ఉత్తరాన కొండ మీద కనబడేది ఇదే. మేం రైలు దిగిన సాయంత్రం నేనూ చూశాను, దండలాగే ఉంది.

నీ మొదటి రెండు ఉత్తరాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. మీ బావ చెప్పినవాటిలో దగ్గర నుంచి చూసినది ఒక్కటి లేదు. ఒక వాసన లేదు, ఒక మనిషి లేడు, టీ ధర కూడా "ఏమో" అనే ఉంది. ఆయన కొండ ఎప్పుడూ ఎక్కలేదని నా అనుమానం. అందుకే నీతో రావడానికి వెనకాడుతున్నాడు. వస్తే బయటపడుతుంది కదా.

ఇది నీకు చెప్పాలనుకోలేదు. మీ బావ అబద్ధాలకోరని నా చేత్తో రాసి పంపడం ఇష్టం లేకపోయింది. నా అనుమానం తప్పయితే తిట్టు, పడతాను.

నీ
అనూరాధ


సాలూరు,
ఏప్రిల్ 20.

అనూ,

నెల దాకా జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఉత్తరం చదివి ముందు నీ మీద కోపం వచ్చింది, మూడు రోజులు తిరిగొచ్చి ఊరంతా తెలిసినట్టు మాట్లాడుతున్నావని. ఆ తరువాత బావ మీద వచ్చింది. నోరు తెరుచుకుని విన్న నా మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. పదిహేను రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు తెలియదు. పాపం, గ్యాస్ పొయ్యి తుడిచిపెట్టాడు.

మొన్న నాగబాబు వచ్చాడు. గుర్తుందా, మా లారీ మీద క్లీనరుగా చేరి ఇప్పుడు సొంత బండి పెట్టుకున్నాడు. మా దగ్గర మిగిలిపోయిన స్పేర్ టైరు కొనుక్కుంటానని వచ్చాడు. బావ ఇంట్లో లేడు. టీ ఇచ్చి, "నాగబాబూ, మీరు ముస్సోరీలో ఎక్కడ తిరిగేవారయ్యా?" అని అడిగేశాను.

వాడు తెల్లబోయాడు. "తిరగడమేటొదినా! బండొగ్గీసి కదల్డానికుంటాదేటి? లోడు సీరియల్ పిలిసీసరికి బండికాడ మనిసుండాల. నేకపోతే మన నెంబరు ఆఖరికి తోసెత్తారు. ఒకోపాలి నాల్రోజులు పడీది. క్లీనరుంటే కుదర్దు, డ్రైవరే ఉండాల. అన్న కేబిన్ మీదెక్కి తొంగుని కొండకేసి సూసీవోడు" అన్నాడు.

ఒక్కసారీ ఎక్కలేదా అన్నాను.

"ఓపాలి లోడు నేదని సెప్పీసారు, పొద్దుట్నుంచీ కాలీయే. 'ఎల్లన్నా, బస్సుకి గంటే' అన్నాను. 'గౌరితో ఎక్కుతాన్లేరా' అన్నాడు. మల్లీ ఎప్పుడడిగినా అదే మాట."

అనూ, ఈ ముక్క రాస్తుంటే కళ్ళు మసకబారుతున్నాయి. నాతో ఎక్కుతానని ఎక్కని మనిషి, ఎక్కినట్టు పిల్లలకు ఎందుకు చెప్పాడంటావా? మొదటిసారి చిన్నవాడు "పైకెల్లావా నాన్నా?" అని అడిగి ఉంటాడు. వాడి మొహం చూసి లేదనలేకపోయి ఉంటాడు. ఆ తరువాత దిగిరావడానికి దారి దొరకలేదు. నాకు అంతే అర్థమైంది, అంతకంటే అక్కర్లేదు.

నాగబాబు చెప్పినట్టు బావకు తెలియనివ్వను. ఆయనంతట ఆయన చెప్తే వింటాను, చెప్పకపోతే ఆయన చూపించిన ఊరే చూస్తాను. నిన్న గట్టిగా చెప్పేశాను, "నువ్వు రాకపోతే నేనూ అనూరాధా వెళ్తాం" అని. చాలాసేపు గడ్డం గోక్కుని, "ఆడోలు ఒక్కలూ అంత దూరం ఏటెల్తారు, నానొస్తాన్లే" అన్నాడు. అన్నప్పటి నుంచీ మనిషి దిగులుగా ఉన్నాడు. నాకు జాలేస్తోంది, అయినా మానను. ఎస్టిమేటు ఖాయం చేసి పంపు. మే రెండో వారం దాటాక.

నీ
గౌరి


శ్రీకాకుళం,
మే 2.

గౌరీ,

ఈ ఉత్తరంతో టికెట్ల ప్రింటూ, గది రసీదూ పెడుతున్నాను. కొండ కనబడే కిటికీయే తీసుకున్నాను. మూడు రోజుల డబ్బూ ముందే కట్టించుకున్నారు, మానుకుంటే తిరిగి ఇవ్వరట, కాబట్టి బుద్ధిగా మూడు రోజులూ ఉండి రండి. ఎంతయిందో కింద రాశాను. కూర్చుని చూడు, నిలబడి చూడకు.

మురళీమోహన్‌కు మీ బావ సంగతి చెప్పాను, తిడితే తిట్టు. ఏమంటాడో అనుకున్నాను. కాసేపు పేపరు చూసి, "మనం రోప్‌వేకు మళ్ళీ వెళ్దామా?" అన్నాడు. నేనింకా జవాబివ్వలేదు.

మీ బావ దారి తెలిసినట్టు ముందు నడిస్తే వెనకే నడువు. దారి తప్పితే తప్పింది, తిరిగి రాలేనంత పెద్ద ఊరేమీ కాదది. వెళ్ళాక రాయి. అక్కడి పోస్టాఫీసు బజారులోనే ఉంది, నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

నీ
అనూరాధ


ముస్సోరీ,
మే 19.

అనూ,

హోటలు వాళ్ళ కాగితం మీద రాస్తున్నాను. బావ కింద వేడినీళ్ళ కోసం తగాదా పడుతున్నాడు, సగం హిందీ, సగం మన సాలూరు భాష.

డెహ్రాడూన్‌లో బస్సెక్కగానే డ్రైవరు వెనక సీటే కావాలన్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది. "గేరు మార్సడేటీడు" అని రెండుసార్లు గొణిగాడు. సగం కొండ ఎక్కాక గొణుగుడు ఆగిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు. నేను చూడనట్టు అటు తిరిగాను.

బస్సు దిగి సంచి భుజానేసుకుని, "రా, నాకు తెల్సు" అన్నాడు. వెనకే నడిచాను. ఒక మలుపు తిరిగాడు, ఇంకోటి తిరిగాడు, మెట్లు దిగాడు. ఆ మెట్లు ఎవరిదో పెరట్లోకి దిగాయి. బట్టలు ఆరేస్తున్న ఒకావిడ చేతిలో తడి దుప్పటితో మమ్మల్నే చూస్తోంది. బావ సంచి కింద పెట్టేశాడు.

"గౌరీ, నాకీ ఊరు తెల్దే. నానెప్పుడూ కొండెక్కనేదు."

నాకు తెలుసు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఇన్నేళ్ళకు నోరు తెరిచి చెప్పుకున్నాడు, అది ఆయనకే ఉండనీ అనిపించింది. "తెలీకపోతే ఏటైంది బావా, ఆవిణ్ణి అడుగుదాం" అన్నాను. ఆవిడే దుప్పటి తీగ మీద పడేసి మమ్మల్ని పెద్ద రోడ్డు దాకా తీసుకొచ్చి దింపింది.

గది బాగుంది. కిటికీలో కొండలున్నాయి, నువ్వు చెప్పినట్టే. బజారు తిరిగాం. టీ నలభై రూపాయలని విని బావ గ్లాసు అడుగు దాకా చూశాడు. మధ్యాహ్నం రోడ్డు పక్క కటకటాల దగ్గర ఆగాం. అక్కడి నుంచి కింద డెహ్రాడూన్ అంతా పరుచుకుని కనబడుతుంది. నేను కొట్లూ మనుషులూ చూస్తున్నాను. బావ ఊరికి వీపు పెట్టి కిందికే చూస్తున్నాడు.

"ఏటి చూస్తన్నావు బావా?"

"బండ్లాగీ సోటు ఎక్కడా అని."

ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికాడు. "అదీ, ఆ రేకుల షెడ్లు సూడు, ఆటి పక్కన. కాదు కాదు, ఇంకా ఇటు. పైనుంచి ఏటీ తెలీడం నేదే గౌరీ. ఇన్నేల్లు ఆడున్నానంటే నాకే నమ్మకం నేదు" అన్నాడు.

అనూ, పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడూ, మా అమ్మ పోయినప్పుడూ, ఈయన ఏ మూల ఉన్నాడో అని గుమ్మంలో కూర్చునేదాన్ని. ఆ మూల ఈ ఊరు కాదు. ఆ రేకుల షెడ్ల పక్కన ఉంది. నేను చూడాలని ఇంత ఆరాటపడింది దాన్నే. దాని పేరు తెలియక ముస్సోరీ అనుకున్నాను. "అక్కడికి తీసుకెళ్ళు బావా" అన్నాను.

"అక్కడేటుందే, డీజిలు కంపు, బురద. గదికి డబ్బు కట్టీసినావు" అన్నాడు. కట్టిన డబ్బు పోతుంది, తెలుసు. నువ్వు తిడతావు, అదీ తెలుసు. రేపు పొద్దున మొదటి బస్సుకు దిగిపోతున్నాం. డ్రైవర్లు దిగే లాడ్జి ఒకటి ఉందట, మిగతా రెండు రోజులూ అక్కడే.

నేను ఈ మాట అన్న దగ్గర్నుంచీ బావ మొహం చూడాలి. సంచి అప్పుడే సర్దేశాడు. ఇందాక మెట్లెక్కి వస్తూ గుమ్మంలోంచే అన్నాడు, "రేపు నువ్వెవుల్నీ అడగక్కర్నేదు గౌరీ, ఆడ నాకు అన్నీ తెల్సు."

నీ
గౌరి